పిల్లల పేరు మీద

మత్తయి, మార్కు, లూకా ముగ్గురూ యేసు జీవితాన్ని ఎవరి పద్ధతిలో వాళ్ళు రాశారు. ఒకరు చెప్పిన సంగతి ఇంకొకరు వదిలేస్తారు, వరుస మారుస్తారు. రెండు ఘట్టాలను మాత్రం ముగ్గురూ పక్కపక్కనే ఉంచారు. మొదటిదానిలో జనం చంటిబిడ్డలను ఎత్తుకుని ఆశీర్వాదం కోసం వస్తారు. శిష్యులు కసురుకుంటారు. యేసు ఆ శిష్యులనే మందలించి, పిల్లలను రానివ్వమంటాడు, దేవుని రాజ్యం ఇలాంటివాళ్ళదేనంటాడు. ఆ వెంటనే రెండో ఘట్టం. ఆస్తిపరుడొకడు వచ్చి నిత్యజీవానికి దారి అడుగుతాడు. ఉన్నదంతా అమ్మి, బీదలకు పంచి, తన వెంట రమ్మంటే ముఖం చిన్నబోయి వెళ్ళిపోతాడు. సండే స్కూల్లో పిల్లలకు మొదటి కథ చెబుతారు, పెద్దల ఆరాధనలో రెండో కథ మీద ప్రసంగిస్తారు. రెండూ కలిపి చదివితేనే వాటి పదును తెలుస్తుంది. చేతిలో ఏమీ లేనివాళ్ళకు తలుపు తెరుచుకుంది. అన్నీ ఉన్నవాడు గడప దాకా వచ్చి వెనుదిరిగాడు.

వ్యవహారం ఇంతే అయితే డబ్బు కంటే బిడ్డ మిన్న అని ఒక్క ముక్కలో తేల్చేయవచ్చు. కానీ అదే అధ్యాయంలో, కాస్త కిందికి వస్తే, అన్నీ వదులుకుని వచ్చామని పేతురు అంటాడు. జవాబుగా యేసు చెప్పిన జాబితాలో ఇల్లు, తోబుట్టువులు, తల్లిదండ్రులు, పిల్లలు, భూములు అన్నీ ఉన్నాయి. తన కోసం వదులుకోవలసి వచ్చేవాటిలో పిల్లలూ పొలాలూ ఒకే వరుసలో నిలిచారు. మరోవైపు పిల్లల కోసం కూడబెట్టవలసింది తల్లిదండ్రులేనని పౌలు కొరింథీయులకు రాశాడు. సొంత ఇంటివాళ్ళను పోషించనివాడు అవిశ్వాసి కంటే చెడ్డవాడని తిమోతికి రాసిన ఉత్తరం గట్టిగా అంటుంది. సంతానం దేవుడిచ్చిన స్వాస్థ్యమని కీర్తనలు చెబుతాయి. బిడ్డల కోసం దాచమన్న మాట, బిడ్డలను సైతం వదలమన్న మాట ఒకే గ్రంథంలో ఉన్నాయి. ఈ రెంటి మధ్య దారి వెతుక్కోవడమే రెండు వేల ఏళ్ళుగా క్రైస్తవ కుటుంబాల పని అయింది. ఆ వెతుకులాట వీలునామాల్లో, బజారు బేరాల్లో, మఠాల గోడల వెనుక జరిగింది.

ఇందులో ఒక చిక్కు ఉంది. బిడ్డ కంటే డబ్బే ఎక్కువని ఏ తండ్రీ ఏ గుడిలోనూ నిలబడి చెప్పలేదు. డబ్బు తన పేరుతో ఎప్పుడూ మాట్లాడదు, పిల్లల పేరుతో మాట్లాడుతుంది. పొలం మీద పొలం ఎందుకంటే పిల్లల కోసం. కూలివాడికి తక్కువ ఇవ్వడం ఎందుకంటే పిల్లలున్నారు కదా. ఈ మాట ఇవాళ్టి విజయవాడలో ఎంత సహజంగా వినిపిస్తుందో నాలుగో శతాబ్దపు కప్పదొకియలోనూ అంతే సహజంగా వినిపించింది. ఆ రోజుల్లో దాన్ని నిలదీసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళు అడిగిన ప్రశ్న ఒకటే: ఎవరి పిల్లల కోసం?

ఆ ప్రశ్న వెనుక అంతకు ముందు మూడు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. క్రీ.పూ. 1వ సంవత్సరంలో హిలారియోన్ అనే కూలిమనిషి అలెగ్జాండ్రియా నుంచి ఈజిప్టులోని తన ఊళ్ళో ఉన్న భార్య ఆలిస్‌కు పంపిన ఉత్తరం ఆక్సిరింకస్ దిబ్బల్లో దొరికింది. ఆందోళన పడవద్దని, కూలి చేతికి రాగానే పంపుతానని, ఇంట్లో ఉన్న చిన్నదాన్ని జాగ్రత్తగా చూసుకొమ్మని అందులో ఉంది. కడుపులో ఉన్నది మగబిడ్డయితే ఉంచు, ఆడదయితే బయట పారేయమని కూడా అందులోనే, అదే గొంతుతో ఉంది. అతను రాక్షసుడు కాడు. ఇంటి ఖర్చు లెక్క వేసుకున్నాడు, ఆ కాలం ఆ లెక్కను తప్పు పట్టలేదు. యూదులు మాత్రం అప్పటికే ఆ పని చేసేవాళ్ళు కారు. పుట్టిన బిడ్డను చంపడం వాళ్ళలో నేరమని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు, మెచ్చుకుంటూ కాదు, వింత ఆచారాల జాబితాలో కలిపి. క్రైస్తవులు ఈ పట్టింపును యూదుల నుంచే తెచ్చుకున్నారు. దిదఖే అనే తొలినాటి బోధనా గ్రంథం శిశుహత్యను సూటిగా నిషేధించింది. పారేసిన పిల్లలను ఏరుకొచ్చి వేశ్యావాటికలకు పెంచుతున్నారని రెండో శతాబ్దంలో జస్టిన్ అనే క్రైస్తవ రచయిత రోమన్ చక్రవర్తికే విన్నవించాడు.

పేదరికం వల్లే పారేస్తున్నాం అన్న మాటకు లాక్టాంటియస్ అనే క్రైస్తవ పండితుడి జవాబు కటువుగా ఉంటుంది. ధనవంతుడు రేపటికి పేదవాడు కావచ్చు, పేదవాడు ధనవంతుడు కావచ్చు, ఆస్తి ఎవరి చేతిలో ఉందని బిడ్డ బతుకును దాని మీద నిలబెడతారన్నది అతని వాదన. పెంచలేనివాడు భార్యకు దూరంగా ఉండాలనీ అన్నాడు. రాజభవనంలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ కొడుక్కి పాఠాలు చెప్పిన పండితుడికి ఆ మాట తేలిక. ఆకలితో ఉన్న తల్లికి అది జవాబు కాదు. పెంచలేని తల్లిదండ్రులకు ఖజానా నుంచి తిండీ బట్టా ఇవ్వమని కాన్‌స్టంటైన్ పేరుతో 315, 322 తేదీలున్న చట్టాలు వచ్చాయి. ఉపదేశం కంటే ఇది మేలు. అయితే కటిక దరిద్రంలో పురిటిబిడ్డను అమ్ముకోవచ్చని ఒప్పుకున్న చట్టం కూడా ఆ చక్రవర్తిదే.

ఆ అమ్మకం ఎలా ఉంటుందో 369 ప్రాంతంలో కప్పదొకియలోని కైసరయ పట్టణంలో బాసిల్ అనే గురువు తన శ్రోతల కళ్ళకు కట్టాడు. వానలు లేక పెద్ద కరువు వచ్చిన కాలం అది. గాదెలున్నవాళ్ళు ధర ఇంకా పెరుగుతుందని తలుపులు బిగించుకున్నారు. బాసిల్ అప్పటికి బిషప్ కాలేదు, 370లో అయ్యాడు. పంట ఎక్కువై గాదెలు పడగొట్టి పెద్దవి కట్టుకోవాలనుకున్న ధనవంతుడి ఉపమానం తీసుకుని, మధ్యలో ఒక పేద తండ్రి ఇంట్లోకి శ్రోతలను తీసుకుపోయాడు. ఆ తండ్రి ఇల్లంతా వెతుకుతాడు. బంగారం లేదు, ఇకముందు ఉండబోదు. నాలుగు గిన్నెలు, నాలుగు గుడ్డలు, అమ్మితే పూట గడవదు. చివరికి చూపు పిల్లల మీద పడుతుంది. ఎవర్ని సంతకు తీసుకుపోవాలి? పెద్దవాడినా? వాడు ఇంటికి పెద్దకొడుకు. చిన్నవాడినా? కష్టమంటే ఏమిటో ఇంకా తెలియని పసివాడు. ఒకడిలో కన్నవాళ్ళ పోలికలున్నాయి, ఇంకొకడికి చదువు బాగా వస్తుంది. ఎవరినీ అమ్మకపోతే అందరూ పోతారు. ఒకడిని అమ్మితే మిగిలినవాళ్ళ ముఖం ఎలా చూడాలి, ఆ డబ్బుతో వచ్చిన అన్నం ముందు ఎలా కూర్చోవాలి? ఏడుస్తూనే బయలుదేరుతాడు.

బాసిల్ అక్కడ ఆగలేదు. కొనేవాడి వైపు తిరిగాడు. తండ్రి కన్నీళ్ళతో తన గుండెకాయను బేరానికి పెడితే, కొనేవాడు ఇంకాస్త తగ్గించమని బేరమాడుతున్నాడు. కొనేవాడూ తండ్రే అయి ఉండవచ్చు, అతని గాదె కూడా కొడుకుల కోసమే నిండి ఉండవచ్చు. బాసిల్ ప్రసంగాన్ని పదహారు వందల ఏళ్ళ తర్వాత చదివినా ఒళ్ళు జలదరించేది ఇందుకే. తన పిల్లల కోసం దాచిన ధాన్యం ఇంకొకడి బిడ్డను బానిసను చేసింది. రెండు వైపులా పిల్లలే ఉన్నారు. మధ్యలో ఉన్నది తాళం వేసిన గాదె.

బాసిల్‌కు ఈ దృశ్యం పాత నిబంధన నుంచే పరిచయం. ఎలీషా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన విధవరాలి ఇద్దరు కొడుకులను అప్పులవాడు దాసులుగా తీసుకుపోవడానికి సిద్ధంగా ఉన్నాడు. నెహెమ్యా కాలంలో ధాన్యం కోసం పొలాలు, ద్రాక్షతోటలు కుదువ పెట్టినవాళ్ళు కొడుకులనూ కూతుళ్ళనూ దాస్యానికి అప్పగించవలసి వచ్చింది. మా పిల్లలు వాళ్ళ పిల్లల వంటివాళ్ళు కారా అని వాళ్ళు మొర పెట్టుకుంటారు. నెహెమ్యా ప్రధానులను సభలో నిలబెట్టి, వడ్డీలూ పొలాలూ ఇళ్ళూ వెనక్కి ఇప్పించాడు. పిల్లలను విలువైనవాళ్ళుగా చూడడమంటే బైబిల్లో తరచు అప్పుల లెక్క సరిచేయడమే.

ధనవంతుల మీద చేసిన మరో ప్రసంగంలో బాసిల్ ఆ పాత సాకును నేరుగా పట్టుకున్నాడు. పిల్లలు కావాలని దేవుణ్ణి అడిగినప్పుడు, నీ ఆజ్ఞలు మీరడానికి సాకుగా పనికొచ్చే పిల్లల్ని ఇమ్మని అడిగారా అన్నాడు. ఆ ఆస్తిని కొడుకు మంచికే వాడతాడని హామీ ఎవరిస్తారన్నాడు. మనిషికి తన ఆత్మ కంటే దగ్గరి బిడ్డ లేదు, కాబట్టి పెద్దకొడుకు వాటా దానికి ఇచ్చి మిగిలింది పిల్లలకు పంచమన్నాడు. పిల్లలకు ఏమీ ఇవ్వవద్దనలేదని గమనించాలి. లెక్కలో మరొకరిని చేర్చమన్నాడు.

ఇదంతా చెప్పిన బాసిల్ పెద్ద భూస్వాముల ఇంటి బిడ్డ. మాటల్లో అతనిది పైచేయి కావచ్చు, చేతల్లో మాత్రం అతని అక్క మక్రీనా అతనికి తీసిపోదు. తల్లిని ఒప్పించి, ఇంట్లోని దాసీలతో సమానంగా ఒకే తిండి, ఒకే పడకగా బతికేలా చేసింది. పొంతు ప్రాంతంలోని అన్నిసా ఎస్టేటును స్త్రీల ఆశ్రమంగా మార్చింది. ఆమె చనిపోయినప్పుడు గుండెలు బాదుకుని ఏడ్చినవాళ్ళలో, కరువు రోజుల్లో దారి పక్కన పడి ఉంటే ఆమె ఎత్తుకొచ్చి పాలుపట్టి పెంచిన ఆడపిల్లలు ఉన్నారు. ఆమె తమ్ముడు, నిస్సా బిషప్ గ్రెగరీ, ఆమె జీవితకథలో ఈ సంగతి రాశాడు. ఆమెకు సొంత బిడ్డలు లేరు. ఎస్టేటు ఉంది, దారిలో బిడ్డలున్నారు. రెంటినీ కలిపింది.

అంతియొకయలో ప్రసంగీకుడు జాన్ క్రిసోస్టమ్ ఇంకో వైపు నుంచి వచ్చాడు. ఇరవయ్యేళ్ళకే విధవరాలైన తల్లి అంథూసా పెంచిన కొడుకు అతను. మధ్యతరగతి ఆశలు అతనికి లోపలి నుంచి తెలుసు. తండ్రులు పిల్లలకు రోజూ ఏం నూరిపోస్తారో అతను రాసింది చదివితే హైదరాబాద్ అపార్టుమెంట్లలో వినే మాటలే అనిపిస్తాయి. ఫలానావాడు ఏమీ లేని ఇంట్లో పుట్టాడు, మాటకారితనం నేర్చి పెద్ద ఉద్యోగం కొట్టాడు, డబ్బున్న పిల్లను చేసుకున్నాడు, భవంతి కట్టాడు, ఇప్పుడు అందరూ భయపడతారు. ఇదే పాఠం పొద్దునా సాయంత్రం. గాడిదలు తోలడానికి మనిషి కావాలంటే పది మందిని విచారించి కుదుర్చుకుంటారు, కొడుకును అప్పగించడానికి మాత్రం ఎవరు దొరికితే వాళ్ళే చాలు అనుకుంటారని అతని ఫిర్యాదు. పిల్లవాడు పుట్టగానే వాడికి ఏ నగ పెట్టాలి అన్న ఆలోచనే తప్ప వాడు ఎలాంటి మనిషి కావాలన్న ఆలోచన లేదంటాడు. కొడుకును ధనవంతుడిని చేయడం గురించి కాక, ధనం అవసరం తక్కువగా ఉండే మనిషిని చేయడం గురించి ఆలోచించమంటాడు. ఇక్కడ క్రిసోస్టమ్ గుర్తించింది చాలా లోతైనది. తండ్రి బిడ్డకు ఆస్తి ఇస్తున్నాననుకుంటాడు, నిజానికి ఆస్తికి బిడ్డను ఇస్తున్నాడు.

ఇక్కడిదాకా చదివితే అందరిదీ ఒకే గొంతు అనిపించవచ్చు. కాదు.

385లో పౌలా అనే రోమన్ సంపన్నురాలు, భర్త పోయిన తర్వాత, పవిత్ర భూమికి ఓడ ఎక్కింది. కూతురు యూస్టోకియమ్ వెంట ఉంది. ఒడ్డున చిన్న కొడుకు టోక్సోటియస్ చేతులు చాపి వేడుకుంటున్నాడు. పెళ్ళీడుకొచ్చిన రుఫీనా, తన పెళ్ళి అయ్యేదాకా ఆగమని మాట రాక కన్నీళ్ళతో అడుగుతోంది. పౌలా పొడికళ్ళతో ఆకాశం వైపు చూసిందని, తల్లి ప్రేమను దేవుని ప్రేమ గెలిచిందని పండితుడు జెరోమ్ 404లో ఆమె సంస్మరణగా రాసిన ఉత్తరంలో కొనియాడాడు. ఆమె దానధర్మాలు ఎంతగా చేసిందంటే పోయేనాటికి కూతురి చేతికి ఒక్క నాణెం మిగల్లేదు, పెద్ద అప్పు, పోషించవలసిన మఠవాసుల గుంపు మాత్రం మిగిలాయి. జెరోమ్‌కు ఇది కీర్తి. ఆ ఒడ్డున చేతులు చాపిన పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఇది కీర్తి అని ఒప్పుకోవడం కష్టం. యేసు చంటిపిల్లలను అదిలించిన శిష్యులను మందలించాడు. వదులుకోవలసినవాటి జాబితా చదివేటప్పుడు ఆ మందలింపును మరిచిపోవడం సరైన చదువు కాదు. ఒకటి మాత్రం చెప్పాలి: అదే టోక్సోటియస్ పెరిగి పెద్దవాడై తండ్రయ్యాక, అతని పాపను ఎలా పెంచాలో అతని భార్య లేటాకు జెరోమే ఉత్తరం రాశాడు. దంతంతోనో చెక్కతోనో అక్షరాలు చేయించి పాప ఆడుకుంటూ నేర్చుకునేలా చూడమన్నాడు, బంగారంతోనూ ముత్యాలతోనూ బరువెక్కించవద్దన్నాడు. ఒడ్డున వదిలేసిన బిడ్డను పొగడ్తలో దాటేసిన కలమే ఈ బిడ్డ దగ్గర ఇంత మెత్తబడింది.

సాల్వియన్ మెత్తబడే మనిషి కాడు. అయిదో శతాబ్దం నడిమిలో మార్సెయ్‌లో ఉన్న ఈ గురువు, తిమోతి అనే మారుపేరుతో రాసిన నాలుగు భాగాల గ్రంథంలో, ఆస్తి వారసులకు కాక దేవునికే, అంటే సంఘం ద్వారా బీదలకే, వదలాలన్నాడు. తనకూ ఒక కూతురు ఉంది, కాబట్టి తండ్రి మనసు తెలియక చెప్పిన మాట కాదు. అతని ఫిర్యాదుల్లో ఒకటి మనసులో ముల్లులా దిగుతుంది. సన్యాసంలో చేరిన కొడుక్కో కూతురికో తల్లిదండ్రులు మిగతా పిల్లలతో సమానంగా వాటా ఇవ్వడం లేదు. దేవునికి ఇచ్చిన బిడ్డ ఇంటి లెక్కలో తక్కువ బిడ్డ అయిపోతోంది.

బిషప్ అగస్టీన్ దారి వేరు. హిప్పోలో, అంటే ఇప్పటి అల్జీరియాలోని అన్నాబాలో, ఆయన ప్రసంగాల్లో ఒక ఇంటిలెక్క మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఒక్క కొడుకుంటే క్రీస్తును రెండోవాడిగా ఎంచు, ఇద్దరుంటే మూడోవాడిగా. వాటాలు అలా వేసి, క్రీస్తు వాటాను బీదలకు చేర్చు. పిల్లల్లో ఒకడు చనిపోతే అతని వాటాను మిగతావాళ్ళకు కలిపేయవద్దు, అతని పేరున పేదలకు పంపమంటాడు. బాసిల్‌లాగే ఈయనా పిల్లల చేతిలోది లాక్కోమనడం లేదు, ఇంటి పిల్లల సంఖ్యను పెంచమంటున్నాడు.

ఈ లెక్క ఆయన మీదికే తిరిగొచ్చిన సందర్భం ఉంది. ఆయనతో కలిసి ఉండే గురువులు సొంత ఆస్తి ఉంచుకోరాదన్నది నియమం. యానువారియస్ అనే గురువు, చిన్నపిల్ల అయిన తన కూతురిదని చెప్పి కొంత వెండి దగ్గర పెట్టుకున్నాడు. చావు దగ్గర పడ్డాక, మఠాల్లో ఉన్న కూతురికీ కొడుక్కీ కాకుండా హిప్పో సంఘానికే దాన్ని రాసిపెట్టాడు. 425 చివర్లోనో 426 మొదట్లోనో అగస్టీన్ ఈ గొడవను జనం ముందే విప్పి చెప్పాడు. ఆ ఆస్తి సంఘానికి వద్దన్నాడు, పిల్లలిద్దరూ పంచుకోవాలన్నాడు. కొడుకు మీద కోపంతో ఆస్తిని సంఘానికి రాసేవాళ్ళు పుచ్చుకోవడానికి ఇంకెవరినైనా వెతుక్కోవాలన్నాడు. కార్తేజ్ బిషప్ అరేలియస్ చేసిన పని కూడా చెప్పాడు. పిల్లలు లేని ఒకాయన, ఇక కలగరనుకుని ఆస్తి సంఘానికి రాసిచ్చాడు. తర్వాత పిల్లలు కలిగారు. ఆయన అడగకముందే, ఆశించకముందే, అరేలియస్ ఆస్తి మొత్తం తిరిగి ఇచ్చేశాడు. చట్టప్రకారం ఉంచుకోవచ్చు. ఉంచుకోలేదు. డబ్బుకూ బిడ్డకూ మధ్య క్రైస్తవ సంఘం నిలబడిన సందర్భాల్లో ఇంత శుభ్రమైనది అరుదు. సంఘం కూడా ధనమే కాగలదని, పుణ్యం పేరుతో బిడ్డ నోటి దగ్గరిది తీయగలదని ఈ ఇద్దరూ గుర్తించారు.

వెయ్యేళ్ళు ముందుకు వెళ్ళి ఇటలీలోని ప్రాటో పట్టణం చూడాలి. ఫ్రాంచెస్కో దాతీని అనే వ్యాపారి 1348 మహామారిలో తల్లిదండ్రులను పోగొట్టుకున్న అనాథ. కుర్రవాడిగానే అవిన్యోన్ వెళ్ళి ఆయుధాలు, ఉన్ని, ఉప్పు, ఏదైనా సరే అమ్మి అపారంగా సంపాదించాడు. లెక్కల పుస్తకాలను దేవుడి పేరుతోనూ లాభం పేరుతోనూ మొదలుపెట్టేవాడు. భార్య మార్గెరీతాకు పిల్లలు కలగలేదు. ఆ ఇంటి దుఃఖం వాళ్ళ ఉత్తరాల నిండా ఉంది. ఆయన వ్యాపార, సొంత ఉత్తరాలు లక్షన్నర దాకా 1870లో ఆ ఇంట్లోనే బయటపడ్డాయి. ఇంటి దాసి లూచియాకు 1392లో పుట్టిన జినేవ్రాను దాతీని తన కూతురిగా తెచ్చుకున్నాడు, మార్గెరీతా ఆమెను ప్రేమగా పెంచింది. స్నేహితుడు లాపో మాత్సేయీ నోటరీ, పెద్ద సంపన్నుడు కాడు, ఇంటినిండా పిల్లలున్న మనిషి. ఆయన ఉత్తరం తర్వాత ఉత్తరం రాస్తూ దాతీని వెంటపడ్డాడు: ఈ సరుకుల చింత చాలించు, పేదల గురించి ఆలోచించు, వీలునామా సరిగా రాయి. 1410లో దాతీని పోయాడు. ఆస్తిలో ముఖ్యభాగం ప్రాటో పేదల కోసం ఒక నిధిగా ఏర్పడింది. ఫ్లోరెన్స్‌లో విడిచిపెట్టిన పిల్లల కోసం కొత్త ఆశ్రయం కట్టడానికి వెయ్యి ఫ్లోరిన్లు విడిగా ఇచ్చాడు.

పట్టు వర్తకుల సంఘం ఆ పని చేపట్టింది. 1419లో బ్రునెలెస్కి గీసిన ప్రణాళికతో నిర్మాణం మొదలైంది. 1445 ఫిబ్రవరి 5న మొదటి బిడ్డ చేరింది, ఆడపిల్ల, అగాతా స్మెరాల్దా అని పేరు పెట్టారు. ఆ తర్వాత కూడా వచ్చినవాళ్ళలో ఆడపిల్లలే ఎక్కువ. హిలారియోన్ లెక్క పద్నాలుగు వందల ఏళ్ళ తర్వాత, నిండా క్రైస్తవమైన పట్టణంలోనూ చెల్లుతూనే ఉంది. తేడా ఒకటే, పారేసే చోట ఒక తలుపు ఉంది. కొందరు తల్లులు బిడ్డతోపాటు సగానికి విరిచిన నాణేన్ని పెట్టేవారు, ఎప్పటికైనా రెండో సగంతో వచ్చి గుర్తుపట్టాలని. చేరిన పసికందుల్లో చాలామంది ఏడాది నిండకుండానే పోయారు. పాలిచ్చే దాదులు తక్కువ, డబ్బు తక్కువ. ఇంకో నిజం కూడా దాచకూడదు: అక్కడికి వచ్చినవాళ్ళలో సంపన్నుల ఇళ్ళలోని దాసీలకు యజమానుల వల్ల పుట్టినవాళ్ళు ఉన్నారు. ఆశ్రయం కట్టించిన వర్గమే దాన్ని నింపుతోంది. అయినా వెయ్యి ఫ్లోరిన్లు వడ్డీకి తిరగకుండా ఎవరి బిడ్డలో తెలియని బిడ్డల కోసం గోడలయ్యాయి. జినేవ్రా తండ్రి ఆ పిల్లలను తలచుకుని ఉంటాడని నమ్మడానికి కారణం ఉంది.

డబ్బు బిడ్డను మింగినప్పుడు మతం ఎలా తోడు నిలుస్తుందో వెనిస్‌లో కనబడుతుంది. పెళ్ళి కట్నాలు ఏటికేడు పెరిగాయి. మఠంలో చేరే కూతురికి కూడా కట్నం ఉంది, కాని అది పెళ్ళి కట్నం కంటే చాలా తక్కువ. ఒక కూతురికి ఘనంగా పెళ్ళి చేసి, మిగతావాళ్ళను కన్యాస్త్రీలుగా పంపితే ఆస్తి చెదరదు. 1563లో ట్రెంట్ సభ, బలవంతంగా ఆడపిల్లను మఠంలోకి నెట్టేవాళ్ళను శపించింది. పద్ధతి ఆగలేదు. 1604లో పుట్టిన ఎలెనా కస్సాంద్రా తారబోత్తి పుట్టుకతో కుంటి. బాల్యం దాటీ దాటకుండానే సంత్ అన్నా మఠంలో చేరింది, ఆర్కాంజెలా అయింది, అక్కడే 1652లో చనిపోయింది. చనిపోయేదాకా రాస్తూనే ఉంది. తండ్రుల దౌర్జన్యం అన్న పేరు పెట్టదలచిన ఆమె పుస్తకం 1654లో మారుపేరుతో అచ్చయింది, రోము దాన్ని నిషిద్ధ గ్రంథాల పట్టీలో చేర్చింది. దేవునికి అర్పణ అని పేరు పెట్టి, ఇంట్లో ఖర్చు తగ్గించుకునేందుకు కూతుళ్ళను వదిలించుకుంటున్నారని ఆమె సూటిగా రాసింది. సాల్వియన్ పన్నెండు వందల ఏళ్ళ ముందు పట్టుకున్న మోసమే ఇది. ఈసారి చెప్పింది మోసపోయిన బిడ్డే.

తెలుగువాళ్ళకు ఇందులో పరాయి సంగతి ఏదీ లేదు. వరకట్న నిషేధ చట్టం 1961 నుంచి అన్ని మతాలకూ వర్తిస్తోంది, తెలుగు క్రైస్తవ కుటుంబాల్లో కట్నం పోలేదు. పెళ్ళి ఆరాధనలో భోజనబల్ల చుట్టూ ఒలీవ మొక్కల్లాంటి పిల్లల గురించి 128వ కీర్తన చదువుతారు. దానికి ముందు నెలరోజులు ఇరువైపులా జరిగిన బేరం బాసిల్ వర్ణించిన సంత బేరానికి ఎంత దగ్గరో ఆ ఇళ్ళలోని ఆడపిల్లలను అడిగితే తెలుస్తుంది.

అయితే ఇదే నేల మీద వేరే లెక్క కూడా నడిచింది. 1842లో మిషనరీ హైయర్ దొర గుంటూరు వచ్చాడు, 1866లో మరో మిషనరీ క్లౌ ఒంగోలు వచ్చాడు. ఆ మిషన్లలో చేరినవాళ్ళలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవాళ్ళు, సెంటు భూమి లేనివాళ్ళు. ఆ ఇళ్ళలో పిల్లవాడంటే ఒక కూలి. గేదెలు కాసినా, ఆసామి దగ్గర జీతానికి కుదిరినా ఇంట్లోకి గింజలు వస్తాయి. ఆ పిల్లవాడిని బడికి పంపడమంటే ఆ గింజలు వదులుకోవడం, ఆసామి కోపానికి ఎదురు నిలవడం. ధనం లేనివాళ్ళు ధనం కంటే బిడ్డను ఎక్కువగా ఎంచడం అంటే ఇదీ. పూట తిండిలో కోత పెట్టుకుని పలక కొన్న ఆ తల్లుల పేర్లు చాలావరకు ఏ మిషన్ నివేదికలోనూ లేవు. వాళ్ళ మనవలూ మునిమనవలూ ఇప్పుడు టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు. గల్ఫ్‌లో, అమెరికాలో ఉన్నారు, ప్లాట్లు కొన్నారు. బాసిల్ ప్రశ్న ఇప్పుడు వాళ్ళ గుమ్మం ముందుకు వచ్చింది.

అగస్టీన్ లెక్క ఇక్కడ అమలు చేయదగినది. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో మూడో పేరు చేర్చాలి. ఇద్దరికీ కోచింగ్ ఫీజు కట్టే నెలలోనే, తమ పేటలో బడి మానేయబోతున్న మూడో పిల్లకు హాస్టల్ ఫీజు కట్టాలి. ఇది దానం పద్దులోది కాదు, ఇంటి ఖర్చు పద్దులోది. వీలునామా రాసేటప్పుడు కూడా అంతే. దీనివల్ల సొంత పిల్లలకు ఏదో కొంత తగ్గుతుంది, తగ్గదని నటించనక్కర్లేదు.

వేదికల మీద ఉన్నవాళ్ళకూ ఇందులో పని ఉంది. దేవునికి విత్తితే పదింతలు పంట వస్తుందని, పిల్లలకు వీసాలూ ఉద్యోగాలూ వస్తాయని చెప్పి కానుకలు అడిగే ప్రసంగాలు తెలుగు టీవీలో రోజూ వినవచ్చు. అప్పు చేసి కానుక వేసేవాళ్ళున్నారు. ఆ ఇంట్లో బిడ్డ బడి ఫీజు కట్టారా అని కానుక పుచ్చుకునే ముందు అడగడం పాస్టర్ బాధ్యత. కట్టలేదని తెలిస్తే ఆ కవరును అదే రోజు ఆ తల్లి చేతిలో తిరిగి పెట్టాలి.